మురుగు గుంతకూ నేల చూడాల్సిందే
రేగడి, బండ, జలాశయం అంచు... కొండాపురం చుట్టుపక్కల ఏ నేలకు ఏ పద్ధతి?

బోరు వేయించాలంటే మన రైతు ఎంత ఆలోచిస్తాడో అందరికీ తెలుసు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నడిచేవాళ్ళను పిలిపిస్తాడు. జియాలజిస్టును అడుగుతాడు. పక్క పొలంలో ఎన్ని అడుగులకు నీళ్ళు పడ్డాయో కనుక్కుంటాడు. అదే రైతు ఇంట్లో మరుగుదొడ్డి గుంత తవ్వించేటప్పుడు మాత్రం "ఆ మూల ఖాళీగా ఉంది కదప్పా, అక్కడ తవ్వు" అనేస్తాడు. గుంతలో పోసిన నీరు ఎటు పోతుందో ఎవరూ అడగరు. పోయేది ఆ నేలలోకే. బోరు తోడేదీ ఆ నేలలోంచే.

కొండాపురం, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల ప్రాంతాల్లో ఇప్పుడు ఈ సంగతి పట్టించుకోక తప్పదు. 2014 అక్టోబరు 2న స్వచ్ఛభారత్ మొదలయ్యాక పల్లెల్లో మరుగుదొడ్లు బాగా పెరిగాయి. 2019లో వచ్చిన జల జీవన్ మిషన్ ఇంటి కుళాయికి తలకు రోజుకు 55 లీటర్ల లెక్క పెట్టింది. నీరు ఇంట్లోకి వచ్చిందంటే మురుగు బయటికి పోవాల్సిందే. ఇక గండికోట జలాశయం సంగతి మనకు వేరే చెప్పనక్కరలేదు. దీని పూర్తి సామర్థ్యం 26.85 టీఎంసీలు. 2020లో నీటి నిల్వ పెంచినప్పుడు కొండాపురం మండలంలోని తాళ్ళప్రొద్దుటూరు ఖాళీ చేయాల్సి వచ్చింది. పాత ఊళ్ళో విశాలమైన దొడ్డి ఉండేది. పునరావాస కాలనీలో సెంట్ల లెక్కన ఇచ్చిన స్థలంలోనే ఇల్లు, గుంత, బోరు అన్నీ సర్దుకోవాలి. మన గుంతకూ పక్కింటి బోరుకూ మధ్య ఎన్ని అడుగులున్నాయో ఒకసారి కొలిచి చూడండి.

ముందు లెక్క వేసుకోండి

ఇంట్లో 5 మంది ఉన్నారనుకుందాం. తలకు 55 లీటర్లయితే రోజుకు 275 లీటర్లు. వాడిన నీటిలో సుమారు 80 శాతం మురుగుగా బయటికి వస్తుందని ఇంజినీర్లు లెక్కగడతారు. అంటే రోజుకు 220 లీటర్లు. ఏడాదికి 80 వేల లీటర్ల పైమాటే. 5 వేల లీటర్ల ట్యాంకర్లు 16 తెచ్చి మీ పెరట్లో పోసినంత!

ఈ నీటిని నేల తాగగలదా? అన్ని నేలలూ ఒకేలా తాగవు. కేంద్ర ప్రజారోగ్య ఇంజినీరింగ్ సంస్థ లెక్క ప్రకారం గుంత గోడ ఒక చదరపు మీటరుకు ఇసుక నేల రోజుకు 50 లీటర్లు ఇముడ్చుకుంటుంది. బంక మట్టి, నల్లరేగడి 10 లీటర్లే. మీటరు వెడల్పున్న గుండ్రటి గుంత మీటరు లోతుకు సుమారు 3 చదరపు మీటర్ల గోడ ఇస్తుంది. ఇసుక నేలలో 220 లీటర్లకు ఒకటిన్నర మీటర్ల లోతు గుంత ఒకటి చాలు. రేగడిలో అయితే మీటరు లోతువి ఏడు గుంతలు కావాలి! మేస్త్రీ అందరికీ ఒకే కొలతతో గుంత తవ్వి పోతే కొన్ని ఇళ్ళలో ఏళ్ళ తరబడి ఇబ్బంది ఉండదు. కొన్ని ఇళ్ళలో తొలి వానకే పొంగుతుంది. తేడా మేస్త్రీ పనిలో కాదు, నేలలో ఉంది.

మీరే చేసుకోగల పరీక్ష

దీనికి ల్యాబు అక్కరలేదు. గుంత తవ్వాలనుకున్నచోట, అనుకున్న లోతు వరకు అడుగు వెడల్పుతో చిన్న గుంత తీయండి. పక్కల మట్టి గట్టిపడి ఉంటే కత్తితో గీకండి. అడుగున రెండంగుళాల మందం దొడ్డు ఇసుక పోయండి. దానిపైన అడుగు ఎత్తున నీరు పోసి రాత్రంతా వదిలేయండి. మర్నాడు ఇసుకపైన అర అడుగు ఎత్తున నీరు ఉండేలా చేసి, పుల్లకు గుర్తు పెట్టి, అంగుళం నీరు ఇంకడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో గడియారం పెట్టి చూడండి.

అరగంటలోపు ఇంకితే మామూలు ఇంకుడు గుంత పనికొస్తుంది. అరగంట నుంచి గంట పడితే నేలపైన మట్టి, ఇసుక పోసి ఎత్తు చేసి కట్టుకోవాలి. గంట దాటితే ఆ నేలలో ఇంకుడు గుంత మీద ఆశ వదులుకోవాలి.

ఒక్క జాగ్రత్త. రేగడిలో ఈ పరీక్ష ఎండాకాలం చేయొద్దు. అప్పుడు నేల నెర్రెలు విచ్చి ఉంటుంది. పోసిన నీరు పోసినట్టే మాయమవుతుంది. ఎంత మంచి నేలో అనుకుంటాం. వాన పడి నెర్రెలు మూసుకున్నాక అదే నేల చుక్క నీరు తీసుకోదు. వానలు పడ్డాక చేసిన పరీక్షే నమ్మదగింది.

ఎర్ర నేలకు జంట గుంతలు

నీరు బాగా ఇంకే ఎర్ర నేలల్లో మరుగుదొడ్డికి జంట గుంతల పద్ధతి మేలైంది. ఖర్చూ తక్కువే. రెండు గుంతలు, మధ్యలో మళ్ళింపు తొట్టి. ఒకసారికి ఒక గుంతనే వాడాలి. అది నిండాక రెండో దానికి మళ్ళించి, మొదటిదాన్ని రెండేళ్ళు కదలించకుండా వదిలేయాలి. ఈలోగా మలం కుళ్ళి, రోగక్రిములు చచ్చి, వాసన లేని నల్లటి ఎరువుగా మారుతుంది.

ఇది మాటవరసకు చెప్పేది కాదు. 2017 ఫిబ్రవరిలో వరంగల్ జిల్లా గంగదేవిపల్లిలో అప్పటి కేంద్ర తాగునీరు, పారిశుద్ధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ స్వయంగా ఇలాంటి గుంతలోకి దిగి ఎరువు బయటికి తీశారు. అందులో అసహ్యించుకోవడానికి ఏమీ లేదని చూపడానికే ఆ పని చేశారు.

చాలాచోట్ల జరిగే పొరపాటు ఏమిటంటే రెండు గుంతలనూ ఒకదానికొకటి గొట్టంతో కలిపేయడం. అప్పుడు రెండూ ఒకేసారి నిండుతాయి, ఎరువూ తయారవదు. ఇంకొకటి, స్నానాల నీటిని కూడా ఇందులోకే వదలడం. మరుగుదొడ్డి నీరు తప్ప మరేదీ ఈ గుంతల్లోకి పోకూడదు. తాగునీటి బావికీ బోరుకూ కనీసం 33 అడుగుల దూరం పాటించండి. గుంత అడుగుకూ భూగర్భ జలానికీ మధ్య కనీసం ఆరున్నర అడుగుల పొడి నేల ఉండాలి. మురుగును వడపోసేది ఆ పొడి నేలే.

రేగడిలో ఏం చేయాలి?

శనగ, పత్తి పండే నల్లరేగడి మురుగు గుంతకు మాత్రం అచ్చిరాదు. అయినా అక్కడే ఇల్లుంది కాబట్టి ఉపాయం వెతకాలి. మొదటి ఉపాయం, గుంత వరల చుట్టూ బయటివైపు కనీసం అడుగు మందాన ఇసుక గానీ సన్న కంకర గానీ నింపడం. తడిసి ఉబ్బిన రేగడి వరల రంధ్రాలను మూసేయకుండా ఈ ఇసుక పొర అడ్డుపడుతుంది.

రెండోది, నీటిని విడగొట్టడం. మరుగుదొడ్డి నీరు మాత్రమే గుంతకు పోవాలి. స్నానాలు, బట్టలు, అంట్ల నీరు వేరే దారిన పెరటికి పోవాలి. ఇంటి మురుగులో సగానికి పైగా ఈ వాడుక నీరే. దాన్ని తప్పించారంటే రేగడి మీద భారం సగానికి పైగా తగ్గినట్టే.

మూడోది, నేలలోకి దింపే బదులు చెట్లకు తాగించడం. ఇసుక, మట్టి కలిపి నేలకంటే ఎత్తుగా పరుపు పోసి, కింద కంకర మీదుగా నీరు పారేలా చేసి, పైన అరటి, చేమ, మెట్టతామర నాటుకోవాలి. నీరు వేర్ల ద్వారా, ఆకుల ద్వారా గాలిలోకి పోతుంది. పులివెందుల రైతులకు అరటి ఎంత నీరు తాగుతుందో ఒకరు చెప్పాలా?

బండ నేలలో అసలు ప్రమాదం

మన జిల్లా నాపబండకు దేశమంతా పేరుంది. ఇళ్ళకు మంచిదే గానీ మురుగుకు చెడ్డది. మట్టి మురుగును వడపోస్తుంది. బండ వడపోయదు. సున్నపురాతిలో పగుళ్ళు, సందులు ఉంటే వాటి వెంట మురుగు నీరు వడపోత లేకుండా చాలా దూరం పోగలదు. పైన బండ కనిపిస్తున్నా గుంతలో పోసిన నీరు చక్కగా మాయమవుతోందంటే సంతోషించొద్దు. అది ఏ సందులోకి దిగి, ఎవరి బోరులో తేలుతుందో చెప్పలేం. 33 అడుగుల దూరం అన్న లెక్క ఇక్కడ చాలదు.

ఇలాంటిచోట గుంత పద్ధతి వద్దు. అడుగూ పక్కలూ నీరు కారకుండా గచ్చు చేసిన ట్యాంకు కట్టించండి. దాని నుంచి వచ్చే నీటిని షీటు పరిచిన మొక్కల మడిలోకి పంపండి. బండలతోనే ట్యాంకు కట్టినా అతుకులన్నీ సిమెంటుతో పూడ్చి, నీరు నింపి, మట్టం దిగుతుందేమో చూశాకే వాడకంలోకి తేవాలి.

జలాశయం అంచున ఉన్నవారికి

జలాశయం నిండితే చుట్టుపక్కల భూగర్భ జలం పైకి లేవడం సహజం. ఎండాకాలం 30 అడుగుల లోతున కనిపించిన నీరు వానలయ్యాక 8 అడుగులకు వచ్చిందనుకోండి, మీ 6 అడుగుల గుంతకు మిగిలింది రెండడుగుల పొడి నేలే. కాబట్టి దగ్గర్లోని బావిలో తాడు వేసి, అక్టోబరు, నవంబరు నెలల్లో నీటి మట్టం కొలిచి రాసుకోండి. నీరు బాగా పైకి వచ్చేచోట గుంతను లోతుకు తవ్వకుండా, నేలకంటే ఎత్తు లేపి చుట్టూ మట్టి పోసి కట్టుకోవాలి. మరుగుదొడ్డి నేల కూడా ఆ మేరకు ఎత్తు చేసుకోవాలి.

సెప్టిక్ ట్యాంకు అంటే శుద్ధి అయిపోయినట్టు కాదు

సెప్టిక్ ట్యాంకు కట్టామంటే నీరు శుభ్రమైపోయిందని చాలామంది నమ్మకం. ట్యాంకు చేసే పని మడ్డిని అడుగుకు దింపడం, కొంత కుళ్ళబెట్టడం. బయటికి వచ్చే నీరు తేటగా కనిపించినా అందులో రోగక్రిములు ఉంటాయి. దాన్ని వీధి కాలువలోకి వదలడమంటే మరుగుదొడ్డిని వీధిలో పెట్టినట్టే.

భారత ప్రమాణాల సంస్థ లెక్క ప్రకారం 5 మందికి లోపల 5 అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు, నీరు మూడు అడుగుల మూడంగుళాల లోతు నిలిచే ట్యాంకు చాలు. పైన అడుగు ఖాళీ ఉండాలి. 10 మందికి ఆరున్నర అడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. ఈ కొలతలు ఏడాదికోసారి మడ్డి తీయించే లెక్కన. రెండేళ్ళకోసారి తీయించేటట్టయితే 10 మందికి నీటి లోతు నాలుగున్నర అడుగులకు పెంచాలి. పెద్ద ట్యాంకును రెండు గదులుగా కట్టి, మొదటి గది రెండోదానికి రెట్టింపు ఉంచాలి. నీరు వచ్చే గొట్టం కంటే పోయే గొట్టం రెండంగుళాలు కిందికి ఉండాలి. రెండింటికీ టీ బిగిస్తే పైన తేలే తెట్టు బయటికి కొట్టుకురాదు. గాలి గొట్టానికి దోమతెర కట్టడం మరవొద్దు.

ట్యాంకు నీటిని ఇంకించే గుంత తాగునీటి వనరుకు కనీసం 60 అడుగుల దూరం, ఇంటికి 20 అడుగుల దూరం ఉండాలని ప్రమాణం. పల్లం ఎటో చూసి, బోరు ఎగువన, గుంత దిగువన ఉండేలా చూసుకోండి.

వాడుక నీరు పెరటికి బంగారం

స్నానాల నీరు, అంట్ల నీరు ముందుగా చిన్న తొట్టిలోకి రావాలి. అక్కడ జిడ్డు పైకి తేలుతుంది, మెతుకులూ ఇసుకా అడుగుకు చేరతాయి. వారానికోసారి ఆ తొట్టి శుభ్రం చేయాలి. తర్వాత మొక్కల మడి. రెండడుగుల లోతు గుంత తీసి, వ్యవసాయ కుంటలకు వాడే షీటు పరిచి, కంకర నింపి, జమ్ము గానీ మెట్టతామర గానీ నాటాలి. నీరు కంకర పైకి కనిపించకూడదు. కనిపించకపోతే దోమ పుట్టదు. మనిషికి 1 నుంచి 2 చదరపు మీటర్ల మడి ఉంటే సరిపోతుంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు పల్లెల మురుగును ఇలాంటి మొక్కల మడులతోనే శుద్ధి చేసి సాగుకు వాడి చూపారు.

ఇలా వచ్చిన నీరు అరటి, కొబ్బరి, నిమ్మ, చీనీ చెట్లకు మొదట్లో పారించుకోవచ్చు. చల్లుడుగా పెట్టొద్దు. కాయకు, ఆకుకు తగలనీయొద్దు. కొత్తిమీర, ముల్లంగి, టమాటా వంటి పచ్చిగా తినేవాటికి అసలు వద్దు. బట్టల సబ్బు, పౌడరులో సోడియం ఉంటుంది. ఒకేచోట రోజూ పోస్తే రేగడి చౌడుబారుతుంది. చోటు మారుస్తూ పోయండి, మధ్యమధ్య మంచినీరు కట్టండి. నేల పైన తెల్లటి పొర కడుతుంటే ఆపేయండి.

కాలనీకి, హాస్టలుకు ఉమ్మడి పద్ధతి

ఇళ్ళు కిక్కిరిసిన కాలనీలో ఇంటికొక గుంత కుదరదు. 100 ఇళ్ళ మురుగు రోజుకు 22 వేల లీటర్లవుతుంది. దీన్ని ఒకచోట చేర్చి కరెంటు లేకుండా శుద్ధి చేసే పద్ధతులున్నాయి. ముందు మడ్డి దిగే తొట్టి. తర్వాత అడ్డుగోడల గదులు. ఒక్కో గదిలో నీరు కిందికి దిగి, అడుగున పెరిగే సూక్ష్మజీవుల మడ్డి గుండా పైకి ఎక్కుతూ పోతుంది. ఆ తర్వాత కంకర వడపోత, మొక్కల మడి, చివర చిన్న కుంట. నేల వాలు ఉంటే మోటారే అక్కరలేదు. పుదుచ్చేరిలోని అరవింద్ కంటి ఆసుపత్రి మురుగును ఈ పద్ధతిలోనే శుద్ధి చేసి తోటకు వాడుతున్నారు. పాఠశాలలు, హాస్టళ్ళు, కల్యాణ మంటపాలకు ఇది ఆలోచించదగ్గది.

గాలి ఊదే బ్లోయర్లతో నడిచే రెడీమేడ్ ప్లాంట్లూ ఉన్నాయి. చోటు తక్కువ పడుతుంది, నీరు బాగా శుద్ధి అవుతుంది. అయితే కరెంటు నిలవకుండా ఉండాలి, చూసుకునే మనిషి ఉండాలి. బ్లోయరు రెండు మూడు రోజులు ఆగితే సూక్ష్మజీవులు చస్తాయి. జపానులో ఇంటింటికీ పెట్టే ఇలాంటి ట్యాంకులను "జోకాసో" అంటారు. వాటి కోసం 1983లో ప్రత్యేక చట్టమే చేశారు. యజమాని ఏటా తనిఖీ చేయించి తీరాలి. అక్కడ ఆ పద్ధతి నిలబడటానికి యంత్రం ఎంత కారణమో తనిఖీ అంత కారణం.

రైలు పెట్టెల కింద కనిపించే బయో టాయిలెట్ మన రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ రూపొందించింది. ఇళ్ళకూ అమ్ముతున్నారు. ఇందులోని సూక్ష్మజీవులు మలాన్ని నీరుగా, వాయువుగా మారుస్తాయి. ఫినాయిలు, ఆసిడ్ ఎక్కువగా పోస్తే అవి బతకవు. దీని నుంచి వచ్చే నీటికీ మొక్కల మడో, ఇంకే నేలో కావాల్సిందే. "ఏమీ చేయనక్కరలేదు" అని అమ్మేవాళ్ళ మాట పూర్తిగా నమ్మొద్దు.

మనిషిని దించొద్దు

ట్యాంకులో హైడ్రోజన్ సల్ఫైడు, మీథేన్ వాయువులు పేరుకుని ఉంటాయి. మూత తీసి దిగిన మనిషి కేక వేసే వ్యవధి కూడా లేకుండా పడిపోతాడు. అతన్ని కాపాడబోయిన రెండో మనిషీ అంతే. డబ్బు మిగులుతుందని కూలి మనిషిని దించడం 2013 చట్టం ప్రకారం నేరం. ఇలాంటి మరణాలకు పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో 30 లక్షల రూపాయలకు పెంచింది. ఎంత పరిహారమిచ్చినా ఆ ఇంటికి మనిషి తిరిగి రాడు. పట్టణం నుంచి మోటారు బండిని పిలిపించండి. బండి అతను ఆ మడ్డిని ఎక్కడ పారబోస్తాడో కూడా అడగండి. వంకలో పోస్తే అది తిరిగి మన నీటిలోకే వస్తుంది. వరంగల్ నగరపాలక సంస్థ 2016లోనే దీనికి నిబంధనలు చేసి, తర్వాత మడ్డి శుద్ధి కేంద్రం పెట్టింది. మన పట్టణాల్లోనూ అడగాల్సిన ప్రశ్న ఇది.

బోరు నీరు పరీక్ష చేయించండి

ఇప్పటికే గుంత దగ్గరగా ఉంటే ఊరికే కంగారు పడకుండా నీటిని పరీక్షించండి. హెచ్2ఎస్ సీసాలో నీరు పోసి ఉంచితే, ఒకటి రెండు రోజుల్లో నల్లబడితే మలినం కలిసిందన్న అనుమానం బలపడినట్టే. వెంటనే కాచి చల్లార్చి తాగండి, ల్యాబు పరీక్షకు పంపండి. నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు. దాటితే ఆ నీటితో పసిబిడ్డలకు పాలు కలపొద్దు. కాచినా నైట్రేటు పోదు. గ్రామ సచివాలయంలోని ఇంజినీరింగ్ అసిస్టెంటును గానీ, గ్రామీణ నీటి సరఫరా విభాగం వారిని గానీ అడిగితే పరీక్ష దారి చెబుతారు.

ఇవి మరవొద్దు

* గుంతకు ముందు నేల పరీక్ష. రేగడిలో వానలయ్యాకే.
* మరుగుదొడ్డి నీరు, వాడుక నీరు వేర్వేరు గొట్టాల్లో.
* బండ నేలలో ఇంకుడు గుంత వద్దు. గచ్చు ట్యాంకు, మొక్కల మడి.
* తాగునీటి వనరుకు జంట గుంతలు 33 అడుగులు, సెప్టిక్ ట్యాంకు ఇంకుడు గుంత 60 అడుగుల దూరం.
* మడ్డి తీయించిన తేదీ గోడ మీద రాసి పెట్టుకోండి.
* ట్యాంకు మూత ఎప్పుడూ గట్టిగా బిగించి ఉండాలి. పిల్లలు, పశువులు తిరిగే చోటు అది.

కొత్తగా ఇల్లు కడుతున్నవారు పునాది గీతలు గీసేనాడే బోరు ఎక్కడో, గుంత ఎక్కడో, వాడుక నీరు ఏ చెట్టుకు పోవాలో కాగితం మీద గీసి మేస్త్రీ చేతికివ్వండి. కట్టాక మార్చాలంటే గచ్చు పగలగొట్టాలి. కట్టకముందు మార్చాలంటే ఒక గీత చెరిపితే సరిపోతుంది.